తెరేజాకు నేను చెప్పిన తెలుగు

జూన్ 10, 2024, సోమవారం

తెరేజా పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కటింగ్ మిషనుకు నీళ్ల ట్యాంకరు రాలేదట. కారణం సరైనదే. అయినా రాసుకున్నాను. ఇది నలభై ఆరో పాఠం.

మా ఆయన పలకల షెడ్డు ఆమె అద్దెకు తీసుకుని ఈ రోజుతో ఏడాది. పోర్చుగల్ నుంచి ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చి మార్కాపురంలో పలకల వ్యాపారం చేస్తానంటే ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె తాత కూడా తన ఊళ్లో బడిపిల్లల పలకలే చేసేవాడట. ఆయన పోయాక మూడేళ్లుగా మూతపడి ఉన్న షెడ్డులో ఇప్పుడు ఇరవై ఆరు మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు.

ఈ రోజు 'కొను' చెప్పాను. ఏ క్రియకైనా 'కొను' చేరితే ఆ పని తన కోసం తాను చేసుకోవడం. వండింది, వండుకుంది. రాసింది, రాసుకుంది. ఒక్క సూత్రం పట్టుకుంటే వంద మాటలు వస్తాయి. లెక్కల్లోనూ అంతే. బాలికల హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు నేను చెప్పింది లెక్కలే. ఏప్రిల్‌లో ఈ పాఠాలు మొదలుపెట్టినప్పుడు నా మనవరాలు వైష్ణవి, రిటైరైన తెలుగు పండితులు ఈ వీధిలోనే ఇద్దరున్నారు కదా నాయనమ్మా అంది. వాళ్లు పద్యాలు నేర్పుతారు, వ్యాపారం చేసే మనిషికి పద్యాలెందుకు అన్నాను. గిద్దలూరులో వాళ్ల నాన్న బట్టల దుకాణంలో కూర్చోనని నా దగ్గరికి వచ్చిన పిల్ల. ఇప్పుడు తెరేజా దగ్గర ఆఫీసులో ఉత్తరాలు, కంప్యూటరు చూస్తుంది. మొదటిసారిగా ఒక పనిని ఇష్టపడి చేస్తున్నది.

జూన్ 14

విదేశంలో ఒక హోటళ్ల కంపెనీ నుంచి తెరేజాకు పెద్ద ఆర్డరు వచ్చే సూచన ఉంది. పన్నెండు వేల నల్ల పలకలు. రాసుకోవడానికి కాదు, హోటళ్లలో వాటి మీద తిండి పెట్టుకుని తింటారు. ఈ సంగతి షెడ్డులో ఆడవాళ్లకు ఇప్పటికీ మింగుడు పడలేదు. పలకకు కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లు. "మా పిల్లోళ్లు పలక నాకితే చెంపలేసుకోమంటాం టీచర్, ఆ దేశంలో టికెట్టు కొనుక్కోని నాకుతారంట" అని సూపర్‌వైజరు స్టెల్లా అంటే అందరూ నవ్వారు. తెరేజా కూడా నవ్వింది, ఒక నిమిషం ఆలస్యంగా, అర్థమయ్యాక.

ఒప్పుకుంటే ఇంకో పద్నాలుగు మందిని తీసుకుంటుంది. ఒప్పుకుని ఇవ్వలేకపోతే షెడ్డు మూత పడుతుంది. పెట్టుబడి పెట్టిన ఆమె ఊరి బంధువులు ఆ మాట ముందే చెప్పారు. జూన్ 20 లోపల అవుననో కాదనో చెప్పాలి. నమూనాగా పంపిన రాయి నిత్యానందం మేస్త్రి గనిది, పెద్దారవీడు అవతల. అదే రాయి కావాలట. అంత రాయి ఉందో లేదో ఆయన్ను కనుక్కోమన్నాను. నేను అడుగుతాననలేదు. ఫోనులో మాట్లాడటం ఆమెకే అలవాటు కావాలి.

జూన్ 19

లక్షవత్తుల నోము కోసం వత్తులు చేయడం మొదలుపెట్టి ఇది తొమ్మిదో రోజు. ఈ రోజుకు 5,200. మధ్యలో తెరేజా ఫోను. లెక్క తప్పలేదు.

జూన్ 20

తెరేజా ఆర్డరు ఒప్పుకుంది. ఆగస్టు 31 లోపల సరుకు చెన్నై ఓడరేవుకు చేరాలి. రాయి రంగు మార్చుకోవాలంటే జూలై 15 వరకే వీలు. ఆ తర్వాత మార్పు లేదు. వైష్ణవి కాగితం చదివి వినిపించింది. బాగా రాసిన కాగితం.

షెడ్డులో లడ్లు పంచారు. నాకు రెండు పంపారు. నాకు చక్కెర జబ్బు ఉంది కాబట్టి సగం తిన్నాను.

జూన్ 28

మొదటి లోడు రావలసిన రోజు. రాయి రాలేదు.

జూలై 1

రాయి రాలేదు. వానకు దారి పాడయి ఉంటుందని తెరేజా అంటుంది. వాన పడలేదు.

జూలై 3

రాలేదు. మేస్త్రి ఫోను ఎత్తడం లేదట. ఈ రోజు పాఠంలో ఆమెకు తొమ్మిది తప్పులు. ఇదివరకు నాలుగు దాటలేదు.

జూలై 5

నిత్యానందం మా ఇంటికి వచ్చాడు. తెరేజా పాఠానికి వచ్చి ఉంది. ఇద్దరికీ మధ్య మాట తేడా వచ్చింది. నేను సర్ది పంపాను.

వత్తులు ఈ రోజు చేయలేదు.

జూలై 6

తెరేజాకు చెప్పిన పాఠాలన్నీ మొదటి నుంచి తిరగేశాను. అరవై ఎనిమిది. ఆ మాట వాటిలో ఎక్కడా లేదు. నేను నేర్పిన మాట కాదు అది. రెండుసార్లు చూశాను.

జూలై 9

తెరేజా కారు మాట్లాడుకుని గనికి వెళ్లి వచ్చింది. ఏప్రిల్‌లో చూసినప్పుడు గట్టు మీద ఎత్తుగా పేర్చి ఉన్న నల్లరాయి ఇప్పుడు లేదట. గుంత అడుగున తెల్లమట్టి కనిపిస్తోందట. "రాయి ఉందని నాకు చెప్పారు. ఇప్పుడు లేదు. ఇంకెవరికో అమ్మారు" అంది. మూడు వాక్యాలు, ఒక్క తప్పు లేదు.

నల్లరాయి బదులు ఆకుపచ్చ రాయి పంపుతామని ఆ కంపెనీకి రాయనా అని నన్ను అడిగింది. పదిహేను దాకా వ్యవధి ఉంది. కానీ రాయి ఎందుకు లేదో కారణం రాయాలి. మేస్త్రి మాట తప్పాడని రాస్తే మనుషుల్ని చూసుకోలేని దాన్నని అనుకుంటారు, ఏం రాయాలి అంది. తొందరపడవద్దన్నాను. ఈ ఊరి వ్యాపారులు చివరి రోజుదాకా సరుకు బిగబట్టి ఉంచుతారు, ధర కోసం, అన్నాను. అలా చేసేవాళ్లూ ఉన్నారు. నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 12

ఆ రోజు మేస్త్రి ఏమన్నాడు నాయనమ్మా అని వైష్ణవి అడిగింది. వ్యాపారం చేసేవాళ్ల మాటలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి అన్నాను.

జూలై 15

ఈ రోజు గడువు.

జూలై 16

గడువు దాటింది. చేసేదేమీ లేదు కాబట్టి మనసు కొంచెం కుదుట పడింది. వత్తులు 19,400.

జూలై 23

ఇంకో గని నుంచి నల్లరాయి తెప్పించారు. నీళ్లు తగిలేసరికి తుప్పు మచ్చలు తేలాయి. తిండి పెట్టే పలకకు మచ్చ ఉండకూడదు. ఆరు వందల పలకలు కోసి, కోసినవన్నీ పక్కన పెట్టారు.

మేస్త్రికి తెరేజా లాయరు చేత నోటీసు పంపింది. నన్ను అడిగే పంపింది. నీ ఇష్టం అన్నాను.

జూలై 29

ఇరవై ఆరు మందిలో పదకొండు మంది మిగిలారు. స్టెల్లా వచ్చి, "పలకల పని తప్ప మాకేం వచ్చు టీచర్, మిరపకాయల కోతలు మొదలయ్యేదాకా ఇంట్లో కూసోవాల" అని చెప్పి పోయింది. నా నుంచి జవాబు ఆశించి చెప్పినట్టు లేదు.

నిత్యానందం గురించి ఊళ్లో అనుకుంటున్నారట, పరదేశి మనిషి నోట్లో మన్ను కొట్టాడని. కూరగాయలమ్మి కూడా అంది. బీరకాయలు కిలో తీసుకున్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

నిత్యానందం భార్య గురమ్మ ఈ రోజు షెడ్డుకు వచ్చిందట. నోటీసు చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "మా ఆయన ఏం దొంగతనం జేసినాడో అందరి ముందర చెప్పు తల్లీ" అందట. మీ ఆయన రాయి ఉందన్నాడు అని తెరేజా అంది. ఎప్పుడన్నాడు అని గురమ్మ. ఫోనులో అన్నాడు, నిండుకుంది అన్నాడు అని తెరేజా.

వైష్ణవి ఇక్కడిదాకా చెప్పి ఆగింది. మిషను ఆపేశారట.

తర్వాత స్టెల్లా లోపలికి వెళ్లి ఆడవాళ్లు మధ్యాహ్నం వండుకునే బియ్యం డబ్బా తెచ్చి, మూత తీసి, బోర్లించి చూపించిందట. ఒక్క గింజ రాలలేదు. "అమ్మా, ఇది నిండుకునింది" అందట.

తెరేజా ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చాలాసేపు లోపలికి చూసిందట.

వైష్ణవి నాకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇదంతా చెప్పింది. చివర్లో, "ఆమె నిన్ను అడిగానంది, నాయనమ్మా" అంది.

సాయంత్రం అయిదున్నర పాఠానికి తెరేజా రాలేదు.

ఆగస్టు 10

ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఈ డైరీ ఎవరూ చూడరు. ఎవరూ చూడని చోట కూడా తప్పు లెక్క రాశానంటే నేను ఏ మనిషినో నాకే తెలియడం లేదు.

జూన్ 19 పగలు పదకొండు గంటలకు తెరేజా ఫోను చేసింది. నా ఒడిలో పత్తి ఉంది. 4,860 దగ్గర ఉన్నాను. మాట్లాడితే లెక్క పోతుందని మనసులో ఆ అంకెను అనుకుంటూనే ఉన్నాను. "టీచర్, నిండు అంటే ఫుల్. మేస్త్రి నల్లరాయి నిండుకుంది అంటున్నారు. అంటే?" అంది. నేను, "సూత్రం మరిచిపోయావా? నిండింది, నిండుకుంది. తనకు తాను నిండింది. అంతే" అన్నాను. "అంటే చాలా ఉంది?" అంది. "ఊఁ" అన్నాను. 4,861.

ఇంట్లో బియ్యం అయిపోతే నేను ఏమంటాను? నిండుకున్నాయి అంటాను. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేవారు. లేవు అనే మాట ఇంట్లో అనకూడదని నిండుకున్నాయంటాం. డెబ్బై మూడేళ్లుగా ఆ మాట నా నోట్లో ఉంది. ఆమె అడిగినప్పుడు నాకు మాట గుర్తు రాలేదు, సూత్రం గుర్తు వచ్చింది. ఇది తప్పు. ఇలాంటి తప్పు ఎవరైనా చేయవచ్చు.

జూలై 5న జరిగింది అది కాదు.

నిత్యానందం చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడే మాట్లాడాడు. "నేను ఆ పొద్దే చెప్పినా గదా టీచరమ్మా, నల్లరాయి నిండుకునిందని. దినామూ ఫోన్ జేసి రాయేది, రాయేది అంటాది. నాకు భాష చాలక ఫోన్ ఎత్తడం మానేసినా. నేనేడ నుంచి తెచ్చేది?" అన్నాడు. తెరేజా వెంటనే, "అదే మాట. ఆ మాట విని నేను ఒప్పుకున్నాను" అంది. ఇద్దరూ ఒక్కటే మాట అంటున్నారు. అని ఇద్దరూ నా వైపు చూశారు.

అప్పుడు నాకు తెలిసింది. ఆ క్షణంలోనే తెలిసింది. పత్తి, ఫోను, 4,860, అన్నీ.

లేదని విడమర్చి చెప్పకూడదా అని ఆయన్ని వాకిట్లోకి తీసుకెళ్లి కోప్పడ్డాను. "గని కాడ నిలబడి లేదని ఎట్లంటానమ్మా? అన్నం పెట్టిన గని" అన్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది, ఆయన చెప్పింది సరిగ్గా ఉన్నందుకు. "నేను ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్తాలే, నువ్వు పో" అన్నాను. నన్ను నమ్మి వెళ్లిపోయాడు. అందుకే ఆ తర్వాత మళ్లీ రాలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. నేను చెప్పి ఉంటాననుకున్నాడు.

తెరేజాతో, "ముందు అన్న మాట మీద నిలబడటం లేదు" అన్నాను.

ఎందుకన్నానో రాద్దామని ఒక గంట కూర్చున్నాను. ఆమె నన్ను టీచర్ అని పిలుస్తుంది. ఆమె ముందు, ఆ మేస్త్రి ముందు, తప్పు చెప్పానని అనలేకపోయాను. కారణం అంతకంటే పెద్దది ఏమీ దొరకలేదు. అప్పటికి ఇంకా పది రోజుల వ్యవధి ఉంది. నిజం తెలిస్తే, భాష వల్ల పొరపాటు జరిగింది, ఆకుపచ్చ రాయి పంపుతామని రాసేది. వాళ్లు ఒప్పుకునేవారేమో. ఒప్పుకోకపోయేవారేమో. ఆ అడగడమే లేకుండా చేశాను.

ఆగస్టు 13

పొద్దున ఏడింటి బస్సుకు పెద్దారవీడు వెళ్లాను. అక్కడి నుంచి ఆటో. నిత్యానందం ఇంట్లో లేడు. తాండూరు వైపు నాపరాళ్ల పనికి కూలికి వెళ్లాడు, పది రోజులయిందట.

గురమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. మంచం వాల్చింది. తాను కూర్చోలేదు. జరిగింది ఒక్క అక్షరం దాచకుండా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక, "నలభై ఏండ్లు ఆయన నోటి మాట మీద లారీలు కదిలినాయి టీచరమ్మా. ఒక్క కాయితం రాసింది లేదు. ఇప్పుడు ఏ షెడ్డుకు పోయినా ముందు చూపీ, తర్వాత మాట్లాడదాం అంటాండ్రు" అంది.

ఊళ్లో అందరికీ నేనే చెప్తానన్నాను.

"ఎవురెవురికి చెప్తావు? ఇంటింటికీ పోతావా?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టుంది. నేను పోతానన్నాను. "ఎండకు పడిపోతావు. పో, బస్సు తప్పుతాది" అంది.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. వత్తులు చేయలేదు.

షెడ్డుకు వెళ్లి, మిగిలిన పదకొండు మంది ముందు నిలబడి చెప్పాను. తెరేజా చెన్నైలో ఉంది, గడువు పొడిగించమని ఆ కంపెనీ ఏజెంటును అడగడానికి వెళ్లింది. నేను చెప్పడం అయ్యాక స్టెల్లా, "అట్లనా టీచర్" అంది. తర్వాత మచ్చల పలకలను పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. ఒకామె నాకు కూర్చోవడానికి స్టూలు తెచ్చింది. ఎవరైనా నాలుగు మాటలు అంటారని సిద్ధపడి వెళ్లాను. అనలేదు. టీచర్ని ఏమంటారు.

నేను నడిచిన వీధులు నాలుగు. చెప్పిన ఇళ్లు పంతొమ్మిది. ఎక్కువ మంది, పాపం మీరేం చేస్తారమ్మా, ఆ మేస్త్రే తెలివైనవాడు, అన్నారు. కాదని మళ్లీ చెప్పాను. తల ఊపారు. కూరగాయలమ్మి, "మీరు పెద్ద మనసుతో ఆయనను కాపాడతాండారు" అంది.

ఆగస్టు 20

ఆ హోటళ్ల కంపెనీకి నేను ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. తప్పు నాదని, తెరేజాది కాదని, మేస్త్రిది కాదని. వైష్ణవి టైపు చేసి పంపింది. చదువుతున్నప్పుడు ఆమె ముఖం నాకు కనపడకుండా కంప్యూటరు వైపు తిరిగి కూర్చుంది.

ఆగస్టు 22

జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. తెలియజేసినందుకు కృతజ్ఞతలు. సరుకు వేరే దేశం నుంచి తీసుకుంటున్నాం.

ఆగస్టు 26

షెడ్డు మూస్తున్నారు. మిషన్లు కొనేవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. వైష్ణవి తన బట్టలు సర్దుకుంది. గిద్దలూరు వెళ్లి వాళ్ల నాన్న దుకాణంలో కూర్చుంటుందట. ఉండమన్నాను. "ఇక్కడ ఏం పనుంది నాయనమ్మా?" అంది. పప్పు, చారు చేశాను. తింది. పళ్లెం కడిగి పెట్టింది. అడిగినదానికి జవాబు చెప్తుంది.

ఆగస్టు 28

నిత్యానందానికి ఫోను చేశాను. మోగింది. ఎత్తలేదు. మూడుసార్లు.

ఆగస్టు 30, శుక్రవారం

తెరేజా అయిదున్నరకు వచ్చింది. ఒక్క నిమిషం తేడా లేదు. మూడు వారాల తర్వాత చూశాను. జుట్టు ఇంకా పొట్టిగా కత్తిరించుకుంది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, నోటుబుక్కు తెరిచింది. రేపు రాత్రి చెన్నైలో విమానం. పాఠం అంకె వేయాలో లేదో తెలియక వేయలేదు.

నేనే ముందు మాట్లాడాలనుకున్నాను. రాత్రంతా అనుకున్న వాక్యాలు ఉన్నాయి. మొదటి వాక్యం అన్నాను, జూన్‌లో నువ్వు అడిగినప్పుడు నేను తప్పు చెప్పాను, అని. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"తెలుసు టీచర్. అది తప్పు. తప్పు అనే మాట నాకు వచ్చు. నేను కూడా రోజూ చేస్తాను." పెన్సిలు అందుకుంది. "జూలైలో మేస్త్రి వచ్చారు. అప్పుడు మీకు తెలుసు. తెలిసి చెప్పలేదు. దాన్ని తెలుగులో ఏమంటారు?"

వెటకారం లేదు. నేను వెతికాను ఆమె ముఖంలో. ఏప్రిల్ నుంచి ఏ మాట అడిగినా ఎలా అడిగిందో అలాగే అడిగింది, పెన్సిలు కాగితం మీద ఆనించి.

పొరపాటు అనవచ్చు. మొహమాటం అనవచ్చు, దానికి వాళ్ల భాషలో మాట లేదని చెప్పి పావుగంట వివరించవచ్చు. ఆమె రాసుకునేది. నన్ను నమ్మేది. ఇప్పటికీ నమ్ముతుందని ఆమె కూర్చున్న తీరు చూస్తే తెలుస్తోంది. మాట అర్థం కావాలంటే ఈ ఊళ్లో ఆమె నన్ను తప్ప ఇంకెవరినీ అడగదు.

"మోసం" అన్నాను.

ఒకసారి పెదవులతో అనుకుని నోటుబుక్కులో రాసింది. మెల్లగా, గుండ్రంగా. రాసి నా వైపు తిప్పింది, దిద్దమని.

మొసం అని ఉంది. ఎర్ర పెన్ను తీసుకుని దీర్ఘం పెట్టాను. పక్కన తేదీ వేసి సంతకం చేశాను.